రెండు కుండల మెంబరుగారు

మొన్న మా ఏలూరు గ్రంథాలయంలో సంతాపసభ జరిగింది. సంతాప తీర్మానానికి ఎవరూ చేతులెత్తరు. అందరూ లేచి కాసేపు మౌనంగా నిలబడతారు. ఆ సంగతి నాకూ తెలుసు, మా కార్యదర్శిగారికీ తెలుసు. అయినా ఆయన తీర్మానం చదవడం పూర్తిచేసి, కళ్ళజోడు తీసి, అలవాటు కొద్దీ, "అనుకూలంగా ఉన్నవారు చేతులెత్తండి," అనేశారు.  వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకొకాయన కండువా నోటికి అడ్డం పెట్టుకున్నారు. చివరికి హాలంతా నవ్వేసింది. పోయినాయన అక్కడే ఉండుంటే నవ్వేవారు కారు. ఎత్తిన చేతులు లెక్కపెట్టేవారు.

ఆయనది పెదపాడు అవతల, కొల్లేటి అంచున ఉన్న ఒక పల్లె. వ్యవసాయం. పేరు ఉండే ఉంటుంది గాని, తాలూకా బోర్డుకు ఎన్నికైన నాటినుంచి అందరికీ మెంబరుగారే. తరవాత తాలూకా బోర్డులే లేకుండా పోయాయి. ఆయన మాత్రం మెంబరుగారిగానే మిగిలిపోయారు. పొట్టి మనిషి. బురదలో చెప్పులు పాడవుతాయని చంకలో పెట్టుకుని నడిచి, మెట్లు ఎక్కేముందు తొడుక్కునేవారు. చేతులు లెక్కపెట్టేటప్పుడు గడ్డం పైకెత్తి, బొటనవేలితో వేళ్ళ కణుపులు ఒక్కొక్కటే తాకుతూ, పెదవులు కదిలించేవారు. చూసినవాళ్ళు జపం చేసుకుంటున్నారనుకునేవారు.

నేను తివాచీలు నేసే సాయిబుల ఇంట పుట్టినవాణ్ణి. బడి చదువు నాలుగో ఫారంతో ఆగింది. ఆ పైన చదివిందంతా ఈ గ్రంథాలయంలోనే. ఏ అలమారులో ఏ వరసలో ఏ పుస్తకం ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలను. ఈ మాట నేను పదిమందితో అంటూండగా విని మెంబరుగారు నన్ను పట్టుకున్నారు. శనివారం శనివారం బండి కట్టించుకుని ఏలూరు వచ్చేవారు. నా పక్కన కూచుని, "సాయిబుగారూ, ఈ వారం ప్రపంచంలో ఏం జరిగిందండీ?" అని అడిగేవారు, ప్రపంచం నా పెరట్లో కట్టేసి ఉన్నట్టు.

ఒక శనివారం స్విట్జర్లాండు దేశం గురించి చదివి చెప్పాను. అక్కడ పెద్ద పెద్ద విషయాలు ఎన్నికైనవాళ్ళు తమంతట తాము తేల్చేయకూడదు. జనాన్నే అడగాలి. కొన్నిచోట్ల ఊరంతా మైదానంలో చేరి చేతులెత్తుతుంది.

మెంబరుగారు ముందుకు వంగారు. "మరి మెంబర్లెందుకండీ అక్కడ?"

"చిన్న విషయాలు చూసుకోడానికండి."

"మా బోర్డులో పెద్ద విషయాలు ప్రెసిడెంటుగారు చూసుకుంటారండి. చిన్నవి గుమాస్తాగారు చూసుకుంటారు. మేం కాఫీ సంగతి చూసుకుంటామండి."

రెండో పక్షం కూడా చెప్పకపోతే చదువుకు మర్యాద కాదని, ఇంకో పుస్తకంలో చదివింది కూడా చెప్పాను. జనం ఎన్నుకున్నది ఆ మనిషి బుద్ధిని చూసి. అతను తన బుద్ధితో ఆలోచించి చెప్పాలి. ఊరివాళ్ళన్న మాట మోసుకుపోయి అప్పజెప్పడానికైతే తపాలా జవాను చాలు.

మెంబరుగారికి ఇది నచ్చలేదు. "రాసినాయన ఎన్నికైనాయనే అయ్యుంటాడండి," అని తేల్చేశారు.

ఆ రోజునుంచి మెంబరుగారికి ఓటింగు పట్టుకుంది. మొదటి ఓటు ఆయన మీసాల మీదే. మంగలి కొట్లో కూచుని, తమ వంతుకోసం కాచుకున్నవాళ్ళను అడిగారట, "ఉంచమంటారా, తీయించమంటారా?" అని. మెజారిటీ తీయించమంది. తీయించారు. ఇంటికి వెళ్ళేసరికి వాళ్ళావిడ గుమ్మంలోనే ఆపేసింది.

"ఎవరండీ మీరు?"

"నేనేనే. ఓటు పెట్టాం. తీయించమన్నారు."

"రోజూ ఆ మొహం చూసేది నేనా, ఆ మంగలి కొట్లో వాళ్ళాండీ? నన్నడిగారా?"

మెంబరుగారు నాతో ఈ సంగతి చెబుతూ నున్నటి పై పెదవి తడుముకుని, "ఆవిడన్నది న్యాయమేనండి," అన్నారు. "ఇకమీదట ఏ ఓటయినా ఆడవాళ్ళని కూడా అడగాల్సిందేనండి." సర్కారువారు ఆడవాళ్ళ ఓటు గురించి ఏవేవో కమిటీలు వేసి ఆలోచిస్తున్న రోజులవి. మెంబరుగారికి ఒక్క క్షవరంతో తేలిపోయింది.

మరొకసారి ఇద్దరం రైల్లో తాడేపల్లిగూడెం వెళ్తున్నాం. ఆయనకు బెల్లం బేరం ఉంది. నాకు అక్కడి చదువుకున్న మిత్రుడి దగ్గర ఒక పుస్తకం ఉంది. పెట్టెలో కిటికీ తలుపు వేయాలా తెరవాలా అని ఇద్దరు దెబ్బలాడుకుంటున్నారు. ఒకాయనకు గాలి కావాలి. ఇంకొకాయన కంట్లో ఇంజను బొగ్గు పడుతోంది. మెంబరుగారు లేచి నిలబడ్డారు.

"ఏవండీ, ఎందుకండీ ఈ గొడవ? పెట్టెలో అందరినీ అడుగుదాం."

పడుకున్నవాళ్ళని లేపారు. పై చెక్కమీద ఉన్నవాళ్ళను కిందికి దింపారు. చంటిపిల్ల తల్లి, పిల్లకు కూడా ఓటు ఉందా అని అడిగింది. పిల్లకూ గాలి తగులుతుంది కదా అని ఒకరూ, పిల్లకేం తెలుసని ఒకరూ. దానిమీద వేరే ఓటు. మెంబరుగారు కణుపులు తాకుతూ లెక్కపెట్టి, "సమానంగా వచ్చాయండి. మళ్ళీ ఎత్తాలి," అన్నారు. మళ్ళీ ఎత్తారు. ఈ లోపల రైలు ఎక్కడో ఆగింది, బయల్దేరింది. ఫలితం చెప్పేసరికి నేను బయటికి చూశాను. గూడెం స్టేషను వెనక్కి పోతోంది. నిడదవోలులో దిగాం. అక్కడ బల్లమీద కూచుని మెంబరుగారు, "ఎక్కడ దిగాలో కూడా ఓటు పెట్టాల్సిందండి," అన్నారు.  నా పుస్తకం గూడెంలోనే ఉండిపోయింది.

ఇవన్నీ నవ్వులాటలు. గండి వ్యవహారం మాత్రం నవ్వులాట కాదు.

వాళ్ళ ఊరి పక్కనే, కొల్లేటికి అడ్డంగా, ఎత్తయిన మట్టిరోడ్డు ఒకటి ఉండేది. దానికి మధ్యలో గండి. సరస్సు లోపల ఒక లంకలో చేపలు పట్టేవాళ్ళ గూడెం ఉంది. వాళ్ళ దోనెలు చేపల గంపలతో ఆ గండిలోంచే ఇవతలి కాలువలోకి వచ్చి, అక్కణ్ణుంచి ఏలూరు బజారుకు వెళ్ళాలి. వేరే దారి లేదు. వానాకాలం కొల్లేరు పొంగినప్పుడు నీళ్ళు కూడా ఆ గండిలోంచే వచ్చి వరిచేలమీద పడేవి. గండికి ఎదురుగా ఉన్న మొదటి చేను మెంబరుగారిది. ముందు మునిగేదీ అదే.

ఆ రోడ్డు బాగుచేయడానికి బోర్డు డబ్బు మంజూరు చేసింది. గండిని మట్టితో పూడ్చేయవచ్చు. అప్పుడు చేలు దక్కుతాయి, దోనెల దారి పోతుంది. లేదా దోనెలు కిందనుంచి పోయేలా వంతెన కట్టవచ్చు. అప్పుడు దారి ఉంటుంది, నీళ్ళూ వస్తాయి. "మీ ఊరి సంగతి మీరే చెప్పండి, వచ్చే మీటింగులో," అన్నారు ప్రెసిడెంటుగారు. ఇంకో మెంబరయితే అక్కడికక్కడే చెప్పేవాడు. ఈయన, "నేనెవర్నండీ చెప్పడానికి? అడిగొస్తాను," అన్నారు.

ఓటు చదువురానివాళ్ళు కూడా వేసేలా ఉండాలి. ఒకరి ఓటు ఇంకొకరు చూడకూడదు. ఎవరికీ దమ్మిడీ ఖర్చు కాకూడదు. మెంబరుగారు వారం రోజులు ఆలోచించి ఉపాయం కనిపెట్టారు. ఊరి చావడిలో తెర కట్టి, దాని వెనక రెండు కొత్త కుండలు పెడతారు. సున్నం పూసిన కుండ, పూడ్చాలనేవాళ్ళకు. మసి పూసిన కుండ, వంతెన కావాలనేవాళ్ళకు. ఆడా మగా పెద్దవాళ్ళందరూ తలా ఒక వడ్లగింజ తెచ్చి, ఇష్టమైన కుండలో వేయాలి. గూడెంవాళ్ళు కూడా వేయాలి. బోర్డు ఎన్నికల్లో పన్ను కట్టేవాళ్ళకే ఓటు కనక వాళ్ళు మెంబరుగారికి ఎన్నడూ ఓటు వేసినవాళ్ళు కారు. ఆ మాటే మోతుబరి ఒకాయన ఎత్తి చూపితే, "వాళ్ళ దారి తీసెయ్యడానికి మాత్రం నేను వాళ్ళ మెంబర్నాండీ?" అన్నారు మెంబరుగారు.

లెక్కపెట్టడానికి ఊళ్ళో ఎవరికీ చుట్టం కానివాడు కావాలని నన్ను తీసుకుపోయారు.

కోతలయి, నూర్పిళ్ళయి, గాదెలు నిండిన రోజులు. నేను చావడి అరుగుమీద, తెరకు ఇవతల కూచున్నాను. తెర మెంబరుగారి భార్య పాత పట్టుచీర. మొదట ఇద్దరు ముగ్గురు మగవాళ్ళు వెళ్ళొచ్చారు. ఏ చప్పుడూ లేదు. తరవాత ఒకావిడ కొంగు మడిచి పట్టుకుని లోపలికి వెళ్ళింది. తెర వెనకనుంచి జలజలమని చప్పుడు వినిపించింది.

మెంబరుగారు నావైపు చూశారు. "సాయిబుగారూ, ఒక్క గింజకి ఇంత చప్పుడవుద్దాండీ?"

ఆవిడ బయటికి రాగానే అడిగారు. "అమ్మాయ్, ఒక్క గింజ వెయ్యమన్నాం గదా?"

"ఆయ్. అన్నారు బాబయ్యగారండి. కానీ ఎంత చెడ్డా కళ్ళాల రోజులండి ఇవి. ముష్టికొచ్చినోడికే దోసెడు పోస్తాం. ఊరి పనికి ఒక్క గింజ పట్టుకొస్తే మా అత్తగారు ఇంట్లోకి రానిస్తారాండీ?"

ఆవిడ వెనక ఇంకో ఆవిడ చేటతో వచ్చింది. ముందావిడ ఎంత పోసిందో తెరమీద నుంచి తొంగిచూసి, దానికంటే తగ్గకుండా పోసింది. ఆ తరవాత పంతం పడిపోయారు. చేట వచ్చిన ఇంటికి పక్కింటినుంచి గంప వచ్చింది. మోతుబరిగారి ఇంటినుంచి పాలేరు బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చాడు. మెంబరుగారు అడ్డంపడి, "ఒరేయ్, నీ సొంత ఓటేదిరా?" అంటే, "ఇందులోనే ఎక్కడో ఉందండి," అన్నాడు వాడు. మధ్యాహ్నానికి సున్నం కుండ నిండి పొర్లింది. ఎవరో గోనెసంచి తెచ్చి పక్కన పెట్టారు. ఓటువేసే ఆ చావడి శిస్తులు పోగుచేసే కచేరీలా తయారయింది.

చివర్లో మెంబరుగారి భార్యే వచ్చింది. వెనక కుంచంతో పనిమనిషి.

"నువ్వు కూడానటే?" అన్నారు మెంబరుగారు.

"ఆయ్. మన ఇంటి మొత్తానికి నేనే వేస్తున్నానండి. మీదీ, పిల్లలదీ, మీ అమ్మగారిదీ అందరిదీను. పూడ్చమనే."

"ఒకరి ఓటు ఒకరు వెయ్యకూడదే!"

"ఇంట్లో ఏం వండాలో, ఎవరికి ఎంత పెట్టాలో నేనే చూస్తున్నాను గదా. ఎప్పుడన్నా చేతులెత్తించారా మీరు? ఇంటికి మెంబర్ని నేనేనండి." తెర పక్కకి తోసింది. "తెర నాది. కుండలు నావి. వడ్లు నావి. ఇందులో మీదేముందండీ?"

"ఆలోచన."

"అదే తక్కువయింది," అని కుంచెడూ గుమ్మరించింది.

గూడెంవాళ్ళు ఎండ తగ్గాక దోనెలమీద వచ్చారు. మగవాళ్ళు, ఆడవాళ్ళు, కర్రపట్టుకున్న ముసలివాళ్ళు. ఒక్కొక్కరి దగ్గరా ఒక్కొక్క గింజ. పంచె కొసన ముడివేసి తెచ్చినవాళ్ళు కొందరు, వేళ్ళ సందున పట్టుకున్నవాళ్ళు కొందరు. వాళ్ళు బియ్యం కొనుక్కునే మనుషులు. వాళ్ళ ఇళ్ళలో వడ్లుండవు. ముందురోజు మెంబరుగారి కళ్ళంలోనే రాలిన గింజలు ఏరుకున్నారట. అందరూ వరసగా వెళ్ళారు, వచ్చారు. తెర వెనకనుంచి ఒక్క చప్పుడు వినిపించలేదు.

కుండలు బయటికి తెచ్చారు. కణుపులమీద లెక్కపెట్టడానికి మెంబరుగారు చేతులు చాచి, సున్నం కుండనూ సంచినీ చూసి, చేతులు దించేసుకున్నారు. కరణంగారు ముందుకు వచ్చి, "కుంచాలతో కొలిచేద్దామండి," అన్నారు. కొలిచారు. మసి కుండలోవి గిద్దెడు కూడా లేవు.

"తేలిపోయింది గదండీ," అన్నారు మోతుబరిగారు.

"ఏం తేలిందండీ?" మెంబరుగారు రెండు కుండల మధ్యా గొంతుక్కూచున్నారు. "ఈ నల్లకుండలో మనుషులున్నారు. ఆ తెల్లకుండలో వడ్లున్నాయి. మనుషుల్నీ వడ్లనీ ఎట్టా పోల్చేదండీ?"

"పోనీ తలలే లెక్కెట్టండి. అప్పుడు మాత్రం మేం తక్కువాండీ?"

అది నిజం. ఎలా లెక్కపెట్టినా రైతులే ఎక్కువ. మెంబరుగారు నా వైపు తిరిగారు. "మీ పుస్తకాల్లో ఏం రాశారండీ దీనికి?"

"ఒక పుస్తకం ప్రకారం ఎక్కువమంది ఏదంటే అదేనండి. ఇంకో పుస్తకం ప్రకారం మీకేది న్యాయమనిపిస్తే అదండి."

"రెండూ ఒకే అలమారులో ఉన్నాయాండీ?"

"ఒకే వరసలో ఉన్నాయండి."

గూడెంవాళ్ళలో ఒక ముసలమ్మ ముందుకు వచ్చింది. ఆవిడ కొడుకు దోనె నడుపుతాడు. కోడలు ఏలూరు బజార్లో గంప దించి అమ్ముతుంది. "బాబుగారూ, నీళ్ళొస్తే మీకు ఆ ఏటి పంట పోద్దండి. అది కష్టమే. కాదన్ను. పైయేడు మళ్ళీ ఊడుస్తారు. మాకు దారి పోతే పైయేడు కూడా పోద్దండి. ఆ పైయేడూ పోద్ది. చేప పూట నిలవుండదు గదండీ." రెండు కుండలవైపూ చూసి, "అందర్నీ అడిగారు. తమరి గింజ ఏ కుండలో ఏసారండీ?" అంది.

  ఊరంతటినీ అడిగిన మనిషి తన గింజ వేయడం మరిచిపోయారు.

"ఆయనది నేనేశాను లేవే," అంది వాళ్ళావిడ అరుగుమీదనుంచి.

మర్నాడే బోర్డు మీటింగు. మెంబరుగారు సంచీ, కుండలూ బండిలో వేసుకుని ఏలూరు వచ్చారు. నేను కూడా వెంట ఉన్నాను. ఆఫీసు గుమ్మంలో బంట్రోతు సంచీ చూసి, "ప్రెసిడెంటుగారికి కానుకాండీ?" అని మెల్లిగా అడిగాడు.

"కాదయ్యా. ఓట్లు."

"ఇన్ని ఓట్లు ఏ ఎలక్షన్లోనూ చూళ్ళేదండి," అంటూ సంచీ దించడానికి వాడే ఓ చెయ్యి వేశాడు.

నేను చూడడానికి వచ్చినవాళ్ళ బల్లమీద కూచున్నాను. గండి విషయం వచ్చింది. మెంబరుగారు లేచి, జరిగిందంతా చెప్పారు. సభ్యులు నవ్వారు. ఆయన నవ్వలేదు.

"మా ఊరు పూడ్చమందండి. కొలిచినా, లెక్కెట్టినా ఊరి మాట అదే. రాసుకోండి. నా మటుక్కు నేను వంతెనకే చెయ్యెత్తుతానండి."

ప్రెసిడెంటుగారు చిరాకుపడ్డారు. "మీరు ఊరికి మెంబరా, మీకు మెంబరా?"

"ఊరికేనండి. అందుకే ఊరి మాట దాచకుండా ముందు చెప్పాను. కానీ దారి పోగొట్టుకునేవాళ్ళని చూసొచ్చిన కళ్ళు మాత్రం నావండి. మీరెవరూ చూళ్ళేదు గదా."

చెయ్యెత్తారు. ఒక ఊరి పని మీద ఆ ఊరి మెంబరు ఎటు చెయ్యెత్తితే మిగతావాళ్ళు కూడా అటే ఎత్తడం ఆ బోర్డులో మర్యాద. రేపు తమ ఊరి పని వస్తే ఈయన ఎత్తుతారు కదా. అందుకని అంతవరకూ నవ్వినవాళ్ళూ, కునుకుతున్నవాళ్ళూ, ఇంకా ఏ విషయమో తెలియనివాళ్ళూ కూడా టపటపా చేతులెత్తేశారు. వంతెన మంజూరయింది. అంతకుముందురోజు ఊళ్ళో అంత ఆలోచించి వేసిన ఓటు వీగిపోయింది. ఇక్కడ ఎవరూ ఆలోచించకుండా ఎత్తిన చేతులు నెగ్గాయి. ఇలాంటి ముక్క నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

వంతెన ఇప్పటికీ ఉంది. దోనెలు పోతూనే ఉన్నాయి. చేలు కొన్ని ఏళ్ళు మునిగాయి, కొన్ని ఏళ్ళు దక్కాయి.

మీటింగయిన ఆ సాయంత్రం మెంబరుగారు తిన్నగా ఇంటికి పోలేదు. ఊరి మొదట్లోనే బండి దిగి, చెప్పులు చంకన పెట్టుకుని, "మీరు కూడా రండి. సాక్షిగా ఉండాలి," అని నన్ను వెంటపెట్టుకుని మొదటి ఇంటి ముందు నిలబడ్డారు.

"ఏవండీ, ఇంట్లో ఎవరండీ? మీరు పూడ్చమన్నారు. నేను వంతెనకి చెయ్యెత్తి వచ్చానండి. తిట్టేదేదో నా మొహమ్మీదే తిట్టండి."

తిట్టారు. ఇంటింటికీ వెళ్ళాం. ఇంటింటా తిట్టారు. మోతుబరిగారు లోపలినుంచే, బయటికి రాకుండా తిట్టారు. ఒకావిడ, "అయితే మా చేటెడు వడ్లూ మాకిచ్చెయ్యండి," అంది. మెంబరుగారు బండివాణ్ణి కేకేసి, అక్కడే సంచిలోంచి కొలిపించి ఇచ్చేశారు. ఇంకో ఇంట్లో తిట్టినన్ని తిట్టి, గొంతు ఎండిపోయిందేమో పాపం అని మజ్జిగ ఇచ్చారు. ఎవరినీ మధ్యలో ఆపలేదాయన. ఎవరికీ జవాబు చెప్పలేదు. ఎత్తిన చెయ్యికి వెల ఇదేనన్నట్టు, తిట్టు పూర్తయ్యేదాకా నిలబడి, "ఇంకేవన్నా ఉన్నాయాండీ?" అని అడిగి, తరవాతి ఇంటికి కదిలేవారు.

చివరి ఇల్లు ఆయనదే. దీపాలు పెట్టే వేళ. ఆయన లోపలికి పోలేదు. పరాయివాడిలా వీధిలోనే నిలబడి, అంతకుముందు అన్ని ఇళ్ళముందూ అన్న మాటలే అన్నారు.

ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. అప్పటికే విని ఉంటుంది. 

"గండి పూడిస్తే మన చేను దక్కేది."

"దక్కేది."

"ముందు మునిగేది మనదే."

"మనదే."

"అది తెలిసే ఎత్తారా చెయ్యి?"

"తెలిసేనే."

ఆవిడ లోపలికి వెళ్ళింది. మెంబరుగారు నావైపు చూడకుండా చంకలో చెప్పులు సర్దుకున్నారు. నాకు వెళ్ళిపోదామనిపించింది. ఆవిడ చెంబుతో నీళ్ళు తెచ్చి అరుగుమీద ఠంగుమని పెట్టింది.

"కాళ్ళు కడుక్కోండి. ఆ సాయిబుగారికి కూడా నీళ్ళివ్వండి. ఊరంతా తిరిగొచ్చిన మనుషులు, అన్నం తినద్దూ?"